జస్ట్ ఇన్ టైమ్ అంటున్నారు, అందులో మన పిల్లల చోటెక్కడ?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేము అనంతపురంలో ఎస్టీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న తండా పిల్లలం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. వేరుశనగ పంట పోయినప్పుడల్లా మా అమ్మానాన్నలు బెంగళూరుకి కూలికి పోయారు. కాబట్టి ఫ్యాక్టరీలు మన దగ్గరికే వస్తే మాకూ సంతోషమే. ఫ్యాక్టరీలు వద్దని ఈ పోస్టు రాయడం లేదు. వచ్చిన ఫ్యాక్టరీలో మన పిల్లలు ఏ పనిలో ఉండాలన్నదే మా ప్రశ్న.

2017 ఏప్రిల్‌లో మన రాష్ట్ర ప్రభుత్వానికీ కియా కంపెనీకీ ఒప్పందం కుదిరింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన 536 ఎకరాల్లో ప్లాంటు కట్టారు. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే శక్తితో ప్లాంటు పెట్టారు. దాని వెనకే విడిభాగాలు చేసే సప్లయర్లూ చుట్టుపక్కల దిగారు. ఇప్పుడు ఏ పట్టణం పరిశ్రమల్ని పిలిచినా ఇదే మాట చెబుతుంది: "మా దగ్గర పెట్టండి, మీ సరుకు పెద్ద ఫ్యాక్టరీకి టైముకి చేరుతుంది." జస్ట్ ఇన్ టైమ్ అంటే ఇదే.

తండా భాషలో చెప్పుకుందాం. మన పెద్దలు రాగులు, విత్తనం కాయలు దాచిపెట్టుకునేవాళ్లు. కరువొస్తే ఇల్లు గడవాలి కదా. జస్ట్ ఇన్ టైమ్ దీనికి పూర్తిగా తలకిందులు. ఫ్యాక్టరీలో గాదె ఉండకూడదు. సీటు గానీ బంపర్ గానీ లైను మీద కావాల్సిన గంటకే రావాలి. ఏ రంగు కారు ముందొస్తుందో ఆ వరసలోనే రావాలి. సరుకు దాచడమంటే డబ్బును మూలన పెట్టడమే అని వాళ్ల లెక్క. చోటు ఎక్కువ పట్టే భాగాలు చేసేవాళ్లు పక్కనే ఉండాల్సింది అందుకే.

లెక్క బాగానే ఉంది. కానీ పెద్ద ఫ్యాక్టరీ గాదె తీసేస్తే ఆ బరువు మాయమైపోదు, కిందికి దిగుతుంది. సప్లయర్ మీద పడుతుంది. సప్లయర్ దాన్ని కాంట్రాక్టర్ మీదికి, కాంట్రాక్టర్ పనివాడి మీదికి తోస్తాడు. మా సీనియర్లు ఇద్దరు ఒక కాంట్రాక్టర్ ద్వారా విడిభాగాల పనిలో చేరారు. ఆర్డర్లు ఎక్కువైతే "రాత్రి షిఫ్టుకి వెంటనే రా" అని ఫోను. తగ్గితే "మళ్లీ కబురు చేస్తాం". ఆ కబురు కోసం నెలంతా ఎదురుచూసిన రోజులున్నాయి. చివరికి దాచిపెట్టిన సరుకు ఎవరంటే మన పిల్లోడే. తండాలో ఖాళీగా ఉంచుతారు, కావాల్సినప్పుడు బయటికి తీస్తారు.

"మరి మనకు పని రాదు కదా, కంపెనీ ఎట్లా పర్మనెంటుగా తీసుకుంటుంది?" అని కొందరు అన్నలు అంటారు. దానికి జవాబు ఈ పద్ధతి పుట్టిన ఊరిలోనే ఉంది. జపాన్‌లో కొరోమో అని పట్టుపురుగుల పెంపకం మీద బతికిన ఊరు ఉండేది. పట్టు దెబ్బతిన్నాక ఊరి పెద్దలు కార్ల ఫ్యాక్టరీని పిలుచుకున్నారు. 1938లో టొయోటా ప్లాంటు మొదలైంది. 1959లో ఆ నగరం పేరునే టొయోటా అని మార్చేశారు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ తెలిసిన మనకు ఈ కథ కొత్తగా అనిపించదు.

1997 ఫిబ్రవరి 1న దానికి దగ్గర్లోని కరియాలో, బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు చేసే సప్లయర్ ఫ్యాక్టరీ కాలిపోయింది. గాదె లేదు కాబట్టి జపాన్‌లో టొయోటా ప్లాంట్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. అయినా కొద్ది రోజుల్లోనే మళ్లీ నడిచాయి. ఎట్లా? చుట్టుపక్కల చిన్న చిన్న సప్లయర్ల పనివాళ్లు, అంతకుముందు ఆ వాల్వు ఎప్పుడూ చేయనివాళ్లు, తమ మిషన్ల మీదే దాన్ని తయారుచేసి పంపారు. ఆ రోజు కంపెనీని కాపాడింది ఆ చుట్టుపక్కల ఉన్న పనితనం. రోడ్డూ రాయితీ భూమీ ఎన్ని ఉన్నా ఆ పని చేయలేవు.

ఇంకో సంగతి. టొయోటా పద్ధతిలో తప్పు కనిపిస్తే మామూలు పనివాడైనా తాడు లాగి లైను ఆపొచ్చు. గాదె లేనప్పుడు తప్పును అక్కడికక్కడే పట్టుకోవాలి. రేపు పని ఉంటుందో లేదో తెలియని పిల్లోడు ఆ తాడు లాగుతాడా? కాబట్టి మన పిల్లలకు పని నేర్పి నిలకడగా పెట్టుకోమనడం దయ అడుక్కోవడం కాదు. ఈ పద్ధతి సరిగ్గా నడవాలంటే అది కావాలి.

ఇక చట్టాలు. ప్రైవేటు ఉద్యోగాల్లో మనకు ఎస్టీ రిజర్వేషన్ లేదు. 2019లో మన రాష్ట్రం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. అర్హులు దొరక్కపోతే మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలని కూడా అందులో ఉంది. కానీ ఆ 75లో తండా పిల్లలు ఎంతమంది ఉండాలో లేదు. మనకు ఉన్న గట్టి ఆధారం 1961 నాటి అప్రెంటిస్ చట్టం. అందులోని 3ఏ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ సీట్లలో ఎస్సీ, ఎస్టీలకు వాటా ఉంచాలి. ప్రైవేటు ఫ్యాక్టరీలకూ ఇది వర్తిస్తుంది. 30 మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థ ఏదైనా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలన్న నిబంధనా ఉంది. ఈ సెక్షన్ పేరు మన తండాల్లో ఎంతమంది విన్నారు?

అందుకే మేము అడిగేవి మూడే. ఒకటి, రాయితీ తీసుకున్న ప్రతి సప్లయర్ దగ్గర ఎస్టీ అప్రెంటిస్ సీట్లు ఎన్ని, ఎన్ని నిండాయి అని ఏటా బోర్డు మీద రాయాలి. రెండు, శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇస్తున్నారా, కాంట్రాక్టర్ చేతికి అప్పగిస్తున్నారా అని కార్మిక శాఖ చూడాలి. మూడు, షిఫ్టు టైముకి తండాల నుంచి బస్సు నడపాలి. బంపర్ నిమిషం తప్పకుండా చేరడానికి లారీ తిరిగే దారిలో మనిషి చేరడానికి బస్సు ఎందుకు తిరగదు?

ఐటీఐ, డిప్లొమా చదివిన అన్నలూ అక్కలూ, మీకు తెలిసిన సీట్ల వివరాలు కింద రాయండి. అందరి వివరాలూ కలిపి అర్జీ మేము రాస్తాం. సోమవారం కలెక్టరేట్లో గ్రీవెన్స్‌కి ఒకరిద్దరం పోతే తీసుకుని పక్కన పెడతారు. యాభై మందిమి పోదాం. ఎవరెవరు వస్తారో చెప్పండి.