ఇల్లు - వాకిలి: లక్క మీద వార్నిష్ పడుతుందా?

బరంపురంలో మన పాత ఇళ్ళలో టేకు పెట్టెలు, ఉయ్యాల బల్లలు ఇంకా ఉన్నాయి. పూర్వం వాటి మెరుగు ఎక్కువగా లక్కదే. చపడాను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రుద్దేవారు. మన గంజపా గుండ్రటి పేకముక్కలకూ, అటు ఏటికొప్పాక బొమ్మలకూ మెరుపునిచ్చేది లక్కే.

అమ్మ పెళ్ళినాటి పెట్టె మాసిపోయిందని పాత పూత మీదే పాలీయురిథేన్ వార్నిష్ వేయించాను. వానాకాలం గడిచేసరికి పొరలుగా ఊడింది. తప్పు పనివాడిది కాదు, తొందరపెట్టిన నాది. మామూలు లక్కలో మైనం ఉంటుంది. దానిమీద పాలీయురిథేన్ గట్టిగా పట్టదు.

కనుక ముందు కనిపించని మూల ఒక చుక్క స్పిరిట్ వేసి చూడండి. జిగటగా మారితే అది లక్కే. దానిమీద మళ్ళీ లక్క వేయవచ్చు. కొత్త పూత పాతదానిలో కలిసిపోతుంది. పాలీయురిథేనే కావాలంటే పాత పూతను పూర్తిగా తీయించండి. చపడాను స్పిరిట్‌లో కరిగించి, సీసాను కొన్ని రోజులు కదపకుండా ఉంచితే మైనం అడుగుకు దిగుతుంది. పైతేటను వంచుకుని ఒక పూత వేసి, ఆరాక ఉప్పుకాగితంతో సుతారంగా రుద్ది, ఆపైన పాలీయురిథేన్ వేయించండి.

వేడిగిన్నెలు పెట్టే భోజనాల బల్లకు ఇది మేలు. ఉత్త లక్కమీద తెల్లమచ్చలు పడతాయి. పెట్టెలకు, ఉయ్యాలలకు లక్క చాలు. ముసురు రోజున మాత్రం వేయించవద్దు, పూత తెల్లబడుతుంది. స్పిరిట్‌ను పొయ్యి దగ్గరకు రానివ్వకండి.

అమ్మ పెట్టెను గీకించి మళ్ళీ లక్కే వేయించాను. అమ్మ చేత్తో నిమిరి, "ఇప్పుడు నా పెట్టెలా ఉంది" అంది. మీ ఇంటి పెట్టె కబుర్లూ రాయండి.