టర్కీ కోడి - లైసెన్సు - ఒంటిగంట రూలు

అమెరికాలో వేట అనగానే మనవాళ్ళలో రెండు రకాల రియాక్షన్లు చూశాను. మొదటిది, "ఛీ, సరదా కోసం నోరు లేని జీవాన్ని చంపుతారా?" అని. ఇది మామూలుగా చికెన్ బిర్యానీ ప్లేటు చేతిలో పట్టుకుని అంటారు :). రెండోది, "ఇదెక్కడి గోలరా బాబూ, అడివికోడిని కొట్టడానిక్కూడా లైసెన్సా, సీజనా, దానికో టైమింగా!" అని.

మొదటివాళ్ళతో నాకు పెద్ద పేచీ లేదు. నిజంగా శాకాహారులైతే అసలే లేదు. రెండోవాళ్ళతోనే గొడవ. ఎందుకంటే ఆ లైసెన్సులూ ఆ సీజన్లూ లేకపోయుంటే, ఇవాళ మనం కారులో వెళ్తుంటే రోడ్డు పక్కన పొలాల్లో దర్జాగా నడుచుకుంటూ పోతుంటాయే ఆ అడివి టర్కీలు, వాటిలో చాలా భాగం ఉండేవి కావు. నేనుండేది మిస్సోరీలో కాబట్టి ఎక్కువగా ఇక్కడి సంగతులే చెప్తాను.

ముందు ఒక చిన్న విషయం. థాంక్స్ గివింగ్ కి షాపుల్లో అమ్మే టర్కీ వేరు, ఇది వేరు. జాతి ఒకటే. కానీ షాపులోది మెక్సికోలో ఎప్పుడో మచ్చిక చేసిన రకం, స్పెయిన్ వాళ్ళు యూరప్ తీసుకెళ్తే అక్కణ్ణుంచి మళ్ళీ అమెరికా వచ్చింది. బరువుకి ఎగరలేదు. అడివిది ఎగురుతుంది, రాత్రి చెట్టెక్కి పడుకుంటుంది, దాని కంటిచూపు గురించి వేటగాళ్ళు కథలు కథలుగా చెప్తారు. (అన్నట్టు ఇంగ్లీషు వాళ్ళు దీన్ని టర్కీ అంటే, టర్కీ దేశం వాళ్ళు 'హిందీ' అంటారు. అంటే మన దేశానిదని! పాపం ఈ పక్షికి మన దేశంతోనూ సంబంధం లేదు, ఆ దేశంతోనూ లేదు.)

తెల్లవాళ్ళు వచ్చినప్పుడు ఈ పక్షులు ఇక్కడ లెక్కలేనన్ని. తర్వాత అడవులు కొట్టారు, ఏడాది పొడుగునా వేటాడారు, బండ్లకెత్తి మార్కెట్లో అమ్మారు. 1930ల నాటికి దేశం మొత్తం మీద రెండు లక్షలకి పడిపోయాయని ఒక అంచనా, అంతకంటే చాలా తక్కువని ఇంకో అంచనా. చాలా రాష్ట్రాల్లో ఒక్కటి కూడా మిగల్లేదు. మిస్సోరీ 1937లో టర్కీ వేటని పూర్తిగా మూసేసింది.

కానీ మూసేస్తే సరిపోలేదు. నాకు ఈ కథ మొత్తంలో ముఖ్యమైన పాయింటు ఇదే. ఫారాల్లో పెంచిన టర్కీలని అడవిలో వదిలి చూశారు. నక్కలకి పండగ తప్ప ఏమీ జరగలేదు. మనిషి చేతి మేత తిని పెరిగిన పక్షికి అడవిలో ఎలా బతకాలో తెలీదు, పిల్లలకి నేర్పించడానికి తల్లీ లేదు. చివరికి 1950లలో ఒక పద్ధతి కుదిరింది. మిగిలిన కొద్దిపాటి అసలు అడివి టర్కీల ముందు గింజలు చల్లి, అవి గుంపుగా చేరాక చిన్న ఫిరంగుల్లాంటివి పేల్చి పెద్ద వలని వాటిమీదకి విసరడం. అలా పట్టి, పెట్టెల్లో పెట్టి, పక్షులు లేని జిల్లాల్లో వదలడం. దశాబ్దాల తరబడి ఇదే పని. రాష్ట్రాలు ఒకదానికొకటి పక్షులని ఇచ్చిపుచ్చుకున్నాయి కూడా.

మరి దీనికి డబ్బులెవరిచ్చారు? 1937లో రూజ్వెల్ట్ సంతకం పెట్టిన పిట్మన్-రాబర్ట్‌సన్ చట్టం అని ఒకటుంది. దాని ప్రకారం తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం (పిస్తోళ్ళ మీద 10) ఎక్సైజ్ పన్ను వన్యప్రాణుల పనికి వెళ్తుంది. ఏ రాష్ట్రానికెంత అనేది ఆ రాష్ట్రం విస్తీర్ణాన్ని బట్టి, అక్కడ డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్న వేటగాళ్ళ సంఖ్యని బట్టి లెక్క కడతారు. ఇంకో షరతుంది చూడండి, నాకు తెగ నచ్చింది అదే. వేట లైసెన్సుల మీద వచ్చిన డబ్బుని రాష్ట్రం వన్యప్రాణి శాఖకి తప్ప ఇంక దేనికీ వాడకూడదు. వాడితే ఫెడరల్ డబ్బు కట్. ఎలక్షన్ల ముందు బడ్జెట్ లో లోటు పడితే ఆ ఖాతాలోంచి లాగేద్దాం అనుకునే మంత్రిగారికి దారే లేదన్నమాట.

మిస్సోరీ ఇంకో అడుగు ముందుకేసింది. 1976లో జనం ఓటేసి మరీ తమ మీద తామే ఒక పన్ను వేసుకున్నారు. అమ్మకపు పన్నులో ఒక శాతంలో ఎనిమిదో వంతు అడవులకి, జంతువులకి, చేపలకి. అంటే సెయింట్ లూయిస్ లో ఉండే మన సాఫ్ట్‌వేర్ అన్నయ్య 800 డాలర్లు పెట్టి టీవీ కొంటే, అందులో ఒక డాలరు ఈ పద్దుకి కూడా కడుతున్నాడు. తెలీకుండానే!

1960లో మళ్ళీ వేట తెరిచారు. 14 కౌంటీల్లో, మూడంటే మూడు రోజులు. మొత్తం దొరికినవి 94. 2004 వసంతకాలానికి ఆ అంకె 60 వేలు దాటింది.

ఇప్పుడు ఆ రూల్స్ గురించి. మొదటిసారి చదివినప్పుడు నాకూ ఇవి ఎవరో పనిలేక రాసిన రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులా అనిపించాయి. కానీ ఒక్కోదాని వెనక ఏముందో చూస్తే లాజిక్ అర్థమవుతుంది. వసంతకాలం సీజన్ లో పుంజుని గానీ, ఛాతీ మీద గడ్డంలాంటి కుచ్చు ఉన్న పక్షిని గానీ మాత్రమే కొట్టాలి. అంటే దాదాపుగా పుంజుల్నే. ఒక పుంజు చాలా పెట్టలతో జతకడుతుంది కాబట్టి, జతకట్టే పని చాలావరకు అయ్యాక కొన్ని పుంజులు పోయినా వచ్చే ఏడాది పిల్లలకి లోటుండదు. అందుకే సీజన్ ఏప్రిల్ మూడో వారం ప్రాంతంలో మొదలై మూడు వారాలే ఉంటుంది. మొత్తం రెండు పక్షులు, మొదటి వారంలో ఒకటే. రైఫిల్ పనికిరాదు. షాట్‌గన్ అయితే నాలుగో నంబర్ కంటే పెద్ద పెల్లెట్లు వాడకూడదు, ఎందుకంటే అవి దూరం పోతాయి, చెట్టు చాటున ఇంకో మనిషి ఉండచ్చు. మొక్కజొన్న గింజలు చల్లి ఆశపెట్టకూడదు. చల్లిన చోట గింజలన్నీ ఎత్తేశాక కూడా పది రోజుల వరకు అక్కడ వేటాడకూడదు. పెట్ట అరుపు రికార్డింగు పెట్టి పిలవకూడదు, నీ నోటితోనో, చేతిలోని చెక్కపెట్టెతోనో కూయాలి. దొరికితే అదే రోజు రాత్రి పది లోపల ఫోన్ లోనో ఆన్‌లైన్ లోనో రిపోర్ట్ చెయ్యాలి. మాంసం అమ్మకూడదు, తినగలిగే భాగాన్ని పారెయ్యకూడదు.

ఇక టైము. సూర్యోదయానికి అరగంట ముందు మొదలు. చాలా ఏళ్ళ పాటు అందరికీ మధ్యాహ్నం ఒంటిగంటకి బంద్. 2025 నుంచి ప్రైవేటు భూముల్లో సూర్యాస్తమయం దాకా పెంచారు, పబ్లిక్ భూముల్లో మాత్రం ఒంటిగంటే.

మా టీమ్ లో యాభై దాటిన ఒకాయన ఉన్నాడు, పుట్టి పెరిగింది ఇక్కడే. ఆయనతో ఒక పబ్లిక్ అడవికి వెళ్ళాను, చూడ్డానికి. ఐదున్నరకల్లా చెట్టుకి వీపు ఆనించి కూర్చోవాలి, కదలకూడదు, దగ్గకూడదు. పొద్దున్నంతా దూరంగా పుంజు అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి, రావడం లేదు. పన్నెండూ నలభైకి వచ్చింది. అరవై గజాల దూరంలో తోక విప్పి నిలబడింది. ఈయన నలభై గజాలు దాటితే కాల్చడు, గాయపడి తప్పించుకుంటే ఎక్కడో చచ్చిపోతుందని. అది అక్కడే తిరిగింది, పది నిమిషాలు, పదిహేను నిమిషాలు. ఒకసారి యాభై దాకా వచ్చి మళ్ళీ వెనక్కి తగ్గింది. ఆయన వాచీ చూసుకున్నాడు, తుపాకీలోంచి తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు. పక్షి ఇంకా అక్కడే ఉంది! చుట్టూ మైళ్ళ దూరంలో ఆఫీసరు కాదు కదా, మనిషి జాడ లేదు. "టైమైపోయింది, పద" అన్నాడంతే. బైక్ మీద వెళ్తూ చౌరస్తాలో కానిస్టేబుల్ లేడని ఖాయం చేసుకుని రెడ్ సిగ్నల్ దాటే ఊరినుంచి వచ్చిన నాకు అది చాలాసేపు మింగుడు పడలేదు.

నా చేతిలో తుపాకీ ఎందుకు లేదో కూడా చెప్పాలి, మనవాళ్ళకి పనికొచ్చే విషయం. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఫ్రెండ్ తుపాకీ సరదాగా చేతిలోకి తీసుకోవడం కూడా ఇందులోకి రావచ్చు. దానికున్న కొద్దిపాటి మినహాయింపుల్లో ఒకటి ఏంటో తెలుసా? ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు! కాబట్టి "ఇదేం లైసెన్సు గోల" అనే సోదరులారా, షూటింగ్ రేంజికి వెళ్ళి ఫోటో దిగి పెట్టే ముందు ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్ ని అడగండి. మిస్సోరీలో 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి, పదహారేళ్ళు నిండినవాళ్ళు తుపాకీ వేట పర్మిట్ కొనాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చెయ్యాలి. నేను చేశాను. అందులో బాగా గుర్తుండిపోయింది ఒకటి.. టర్కీ వేటకి ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వేసుకోకూడదు. పుంజు తల రంగులు అవే. ఇంకోడు నిన్ను టర్కీ అనుకుంటాడు.

ఇదంతా బంగారంలా నడుస్తోందని నేననట్లేదు. 2004 నాటి అంకె మిస్సోరీలో మళ్ళీ రాలేదు, దక్షిణాది రాష్ట్రాల్లో కూడా టర్కీలు తగ్గాయి. పిల్లలు బతకడం లేదు. గూళ్ళు పెట్టుకునే పచ్చిక తగ్గడం, గుడ్లు తినే జంతువులు పెరగడం, వానలు... కారణాలు చాలా చెప్తున్నారు. ఇంకో చిక్కు, వేటగాళ్ళ మీద ఆధారపడ్డ ఖజానా కాబట్టి వేటగాళ్ళు తగ్గితే డబ్బూ తగ్గుతుంది. తుపాకులు ఎక్కువ అమ్ముడైతే పక్షులకి మంచిది అనే లెక్క నాకింకా ఎబ్బెట్టుగానే ఉంది. కానీ తగ్గుతోందని వాళ్ళకి తెలిసింది, అది చూడండి. మిస్సోరీలో 1959 నుంచి ఏటా ఎండాకాలంలో వలంటీర్లు పెట్టల్నీ పిల్లల్నీ లెక్కపెడుతున్నారు. అంకెలు తగ్గితే రూలు మారుతుంది. జార్జియా 2022లో ఒక మనిషికి మూడు పక్షుల నుంచి రెండుకి తగ్గించి, సీజన్ ని వారం వెనక్కి జరిపింది. వేటగాళ్ళు గొణుక్కున్నారు, కట్టుబడ్డారు.

ఇక మన దగ్గరికొద్దాం. 1972 వన్యప్రాణి చట్టంలో మొదట్లో మనకీ వేట లైసెన్సులుండేవి, 1991 సవరణతో అవి పోయాయి. ఇప్పుడు దాదాపు పూర్తి నిషేధం. అది ఎత్తెయ్యమని నేను చచ్చినా అనను. మన జనాభాకి, మన అడవుల పరిమాణానికి ఈ మోడల్ కాపీ-పేస్ట్ చేస్తే నెల తిరక్కుండా అన్నీ ఖాళీ. నా బాధ ఏంటంటే, నిషేధం రాసేసి పనైపోయిందనుకున్నాం. నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. టర్కీలాగే నేలమీద తిరిగే పెద్ద పక్షి. దాన్ని వేటాడ్డం నేరం, చట్టంలో మొదటి షెడ్యూల్ లో ఉంది, అంతకన్నా రక్షణ లేదు. అయినా చుట్టుపక్కలకి కాలవ నీళ్ళొచ్చి పంటలు మారాయి, గడ్డి మైదానం పోయింది, పిట్టా పోయింది. ఇవాళ దేశం మొత్తం మీద 200 కూడా లేవు, ఉన్నవి దాదాపు అన్నీ రాజస్థాన్ లోనే. కరెంటు తీగలకి కొట్టుకుని చస్తుంటే ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

రెండూ ఒకటి కాదనీ ఒప్పుకోవాలి. టర్కీ పెట్ట ఒక్కసారికి పది పన్నెండు గుడ్లు పెడుతుంది, బట్టమేక పిట్ట మామూలుగా ఒక్కటే. కోలుకోవడం దానికి సహజంగానే కష్టం. కానీ అందుకే కదా ఇంకా జాగ్రత్తగా లెక్కపెట్టాల్సింది, పిట్ట తన చేలో గుడ్డు పెడితే ఆ రైతుకి నష్టం కాకుండా ముందే డబ్బు పక్కన పెట్టాల్సింది! అభయారణ్యం గీత తన పొలం మీదుగా పోయిన రైతుకి ఆ పిట్ట శత్రువులానే కనిపిస్తుంది. మిస్సోరీ రైతుకి టర్కీ అలా కనిపించదు.

వేట వద్దు, సరే. మరి ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? గచ్చిబౌలిలో వీకెండ్ కి 800 డాలర్ల టీవీలు మనమూ కొంటున్నాం. అందులో ఎనిమిదో వంతు శాతం, ఇంకెవడూ ముట్టుకోకుండా తాళం వేసిన ఖాతాలోకి పోతుందంటే నేను కట్టడానికి రెడీ. తాళం గురించి మాత్రం ముందే రాతపూర్వకంగా కావాలి.