సేవకు సలాము, హక్కుకు కులమా?

చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో సైన్యం నుంచి విరమణ పొంది వచ్చిన మనిషిని పేరుపెట్టి పిలవడం తక్కువ. ‘మిలిటరీ ఆయన’ అంటారు. యుద్ధం చూసి వచ్చాడన్న గౌరవం, నిక్కచ్చి మనిషన్న నమ్మకం ఆ పిలుపులో కలిసి ఉంటాయి. కాణిపాకం చుట్టుపక్కల పల్లెల్లో ఈ పిలుపు వింటూ పెరిగినవాణ్ణి నేను. ఆ గౌరవం ఊరి సైనికుడికీ, దళితవాడ సైనికుడికీ ఒకే తూకంలో అందుతోందా అన్నదే నా ప్రశ్న.

ఇద్దరూ చేసే సేవ ఒకటే. తెల్లవారకముందే కుర్రాళ్లను రోడ్డు మీద పరుగెత్తించి రిక్రూట్‌మెంట్ ర్యాలీకి సిద్ధం చేస్తారు. వితంతువులకు పింఛను అర్జీలు రాసిపెడతారు. రాయవేలూరు ఆసుపత్రికి వెళ్లే రోగికి తోడు వెళతారు. తేడా అంతా ఆ సేవకు ఊరు పెట్టే పేరులోనే ఉంది. ఊరి సైనికుడు చేస్తే అది పెద్దరికం. పంచాయితీకి పిలుస్తారు, గుడి కమిటీలో కూర్చోబెడతారు. వాడ సైనికుడు చేస్తే అది మంచితనం. పని అయ్యాక మెచ్చుకుంటారు, తీర్పు చెప్పే చోటికి మాత్రం పిలవరు. ఊరికి ఊడిగం చేయడమే దళితుడి ధర్మమని తరతరాలుగా వెట్టి చేయించుకున్న సమాజం, అతని సేవలో నాయకత్వాన్ని చూడటం ఇంకా నేర్చుకోలేదు.

ఈ వైరుధ్యాన్ని నూటముప్ఫై ఏళ్ల కిందటే ఎత్తిచూపినవాడు ఒక మాజీ సైనికుడే. మహర్ కులంలో పుట్టిన గోపాల్ బాబా వలంగ్‌కర్ 1886లో సైన్యం నుంచి విరమణ పొంది కొంకణ్‌లోని దాపోలీలో స్థిరపడ్డారు. అంటరానితనాన్ని ఖండిస్తూ 1888లో ‘విటాళ్ విధ్వంసక్’ అనే కరపత్రం ప్రచురించారు. 1890ల తొలినాళ్లలో బ్రిటిష్ ప్రభుత్వం మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేసినప్పుడు, దాన్ని ప్రశ్నిస్తూ వినతిపత్రం రాశారు. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ కూడా సుబేదారే. సైనిక పాఠశాలలో పాఠాలు చెప్పినవాడే. ఊరి బడి తలుపు మూసిన కాలంలో కంటోన్మెంటు కొందరు దళితుల చేతికి పలక ఇచ్చింది. ఆ పలకనే ‘యోధజాతుల’ సిద్ధాంతం లాక్కుంది. పుట్టుకను బట్టి శౌర్యాన్ని కొలిచిన ఆ సిద్ధాంతం మద్రాసు సైన్యంలోని తెలుగు సిపాయిలనూ పక్కకు నెట్టింది. మహర్ రెజిమెంట్ ఏర్పడింది 1941లో, రెండో ప్రపంచ యుద్ధపు అవసరం ముంచుకొచ్చాకే. అవసరం ఉన్నప్పుడు సైనికుడు, తీరాక కులం. ఈ లెక్క కంటోన్మెంటులో మొదలై ఊరిదాకా నడిచింది.

పల్లెకు సేవ చేసిన మాజీ సైనికుడు అనగానే దేశానికి గుర్తొచ్చే పేరు అన్నా హజారే. 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ రంగంలో ప్రాణాలతో బయటపడి, 1975లో రాలేగణ్ సిద్ధికి తిరిగివచ్చి, వాననీటిని నిలిపి కరువు ఊరిని పచ్చబరిచారు. దళిత కుటుంబాల బ్యాంకు అప్పు తీర్చడానికి ఊరంతా వాళ్ల పొలాల్లో శ్రమదానం చేసింది. అది చిన్న పని కాదు. అయితే ఆ ఆదర్శ గ్రామంలో దళితులు సంస్కరణను అందుకునేవాళ్లుగానే మిగిలారనీ, నిర్ణయించేవాళ్లు కాలేదనీ ముకుల్ శర్మ వంటి పరిశోధకులు విమర్శించారు. నీళ్లు వచ్చినంత మాత్రాన కులపు నిచ్చెన పడిపోదు. సేవకుడు ఎంత నిజాయతీపరుడైనా సరే, ఊరి నిర్ణయాల్లో వాడకు వాటా దక్కిందా లేదా అన్నదే ఆ సేవకు అసలు పరీక్ష.

ఇప్పుడు కాణిపాకం సంగతి. వరసిద్ధి వినాయకుడు బావిలో వెలిశాడనీ, ఆ బావి తవ్వినవాళ్లు చూపు, మాట, వినికిడి కొరవడిన ముగ్గురు అన్నదమ్ములనీ స్థలపురాణం. ఎక్కడ తగవు తెగకపోయినా ‘కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?’ అని సవాలు విసరడం మా ప్రాంతపు అలవాటు. రాజకీయ నాయకులకూ ఇది అలవాటే. సైనికుడు కూడా ఒక ప్రమాణం చేస్తాడు. రాజ్యాంగానికి విధేయుడిగా ఉంటానని, ప్రాణాపాయం ఎదురైనా ఆజ్ఞ పాటిస్తానని. అదే రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. సరిహద్దులో ఆ ప్రమాణాన్ని నిలబెట్టినవాడు, ఇంటికి వచ్చాక వాడ శ్మశానానికి దారి కావాలని అడిగితే అదే ప్రమాణాన్ని కొనసాగిస్తున్నట్టు లెక్క. ఊరు మాత్రం దాన్ని ‘గొడవ’ అంటుంది. అర్జీలు రాసిపెట్టినంత కాలం మిలిటరీ ఆయన. హక్కు అడిగిన రోజున ఆయన కులం గుర్తొస్తుంది.

భూమి దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పేదలకిచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. మాజీ సైనికులకు మాత్రం పదేళ్ల తర్వాత అమ్ముకునే వీలును 1993లో ప్రభుత్వం కల్పించింది. దళిత సైనికుడికి అమ్ముకునే వీలు కంటే ముందు కావలసింది సర్వే చేసి పాతిన హద్దురాయి. చేతిలో డీకేటీ పట్టా ఉండి, కాలు మోపడానికి నేల లేకపోతే ఆ కాగితం సైనికుడికైనా, కూలికైనా ఒకటే.

చిత్తూరు లోక్‌సభ స్థానం, కాణిపాకం ఉన్న పూతలపట్టు అసెంబ్లీ స్థానం రెండూ ఎస్సీ రిజర్వుడు. చట్టసభలో కుర్చీ దక్కింది. రచ్చబండ మీద చోటు దక్కాలి. దానికి కొత్త చట్టాలు అక్కర్లేదు. జస్టిస్ పున్నయ్య కమిషన్ కృషి తర్వాత ప్రతి నెలా 30న పల్లెల్లో పౌరహక్కుల దినం జరపాలన్న ఏర్పాటు ఉంది. ఆ సభను మొక్కుబడిగా ముగించకుండా, దళిత మాజీ సైనికుల చేత నడిపించవచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అమలును చూసే విజిలెన్స్ కమిటీల్లో అనధికార సభ్యులుగా వాళ్లను నియమించవచ్చు. క్రమశిక్షణ, ధైర్యం, చట్టం మీద గౌరవం ఉన్న మనుషులు ఆ కమిటీలకు ఇంతకంటే ఎక్కడ దొరుకుతారు?

విద్యార్థులు ఈ విషయాన్ని తమదిగా తీసుకోవాలి. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద చేరినవాళ్లలో ఎక్కువమంది నాలుగేళ్లకే, పింఛను లేకుండా ఇంటిదారి పడతారు. వాళ్లు పాతికేళ్ల చుట్టుపక్కల వయసు పిల్లలు. ముందు బోలెడు జీవితం ఉంది. పింఛను ఇచ్చే పాటి స్వతంత్రం కూడా లేని దళిత యువకుడు, ఊరి భూస్వామి దగ్గర మళ్లీ కూలికి వెళ్లవలసి వస్తే అతని యూనిఫాం ఏ గౌరవాన్ని కాపాడుతుంది?

పంద్రాగస్టు నాడు ఆయన చేత జెండా ఎగరేయించడం తేలిక. మరుసటి రోజు తగవు తీర్చేటప్పుడు ఆయన్ను సమానుడిగా కూర్చోబెట్టి, ఆయన మాటకు విలువ ఇవ్వడం కష్టం. ఊళ్లు ఇక ఆ కష్టమైన పనికి పూనుకోవాలి.