కుండీలో మర్రిమాను

"చెట్టుకు తిండి పెట్టకుండా మాడ్చి పొట్టిగా ఉంచుతారా, తాతయ్యా?" అని మా మనమరాలు అడిగింది. కుండీలో పెంచే చిట్టిచెట్టును, అంటే జపానువాళ్ళు బోన్సాయ్ అనేదాన్ని, చూసి అడిగిన ప్రశ్న అది.

పిల్లలూ, ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి మర్రిమొక్కకు పిడికెడు మన్ను వేసి, నీళ్ళు లెక్కపెట్టి పోసి, గదిలో బల్లమీద అలంకారంగా పెట్టాను. నెల తిరక్కుండానే ఆకులన్నీ రాల్చి చచ్చిపోయింది. ఎందరు పిల్లలనో పరీక్షలు గట్టెక్కించినవాణ్ణి, ఆ మొక్క దగ్గర తప్పాను!

బోన్సాయ్ పొట్టిగా ఉండేది ఆకలితో కాదు. అదను చూసి కొమ్మలూ వేళ్ళూ కత్తిరించటంవల్ల. ఎండా, నీరూ, ఎరువూ దానికి లోటు రాకూడదు.

మొదటి మొక్కను కొననక్కరలేదు. తొలకరి పడ్డాక పాతగోడల పగుళ్ళు వెతకండి. పక్షులు మర్రిపళ్ళు తిని రెట్ట వేస్తే అందులోని గింజలు అక్కడ మొలుస్తాయి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు 5 ఎకరాలు కమ్ముకున్నది. ఆ జాతి గింజ ఇంచుమించు ఆవగింజంత! గోడ బాగా తడిపి, పెద్దవాళ్ళ సాయంతో పగులు కదిలించి మొక్కను తియ్యండి. పట్టి లాగితే వేరు తెగుతుంది. తీస్తే గోడకూ మేలే. తెగినచోట కారే పాలు కంట్లో పడనివ్వకండి.

మర్రి దొరక్కపోతే చింతగింజ ఉన్నది. రాత్రంతా నానబెట్టి, వేలికణుపు లోతున నాటండి. ఆకులు చిన్నవి గనక జానెడు మొక్క కూడా నిండుచెట్టులా కనిపిస్తుంది. చీకటిపడితే ఆకులు ముడుచుకుంటుంది. (చింత పుట్టిల్లు ఆఫ్రికా అంటారు శాస్త్రజ్ఞులు. ఇన్ని తరాలు పులుసు తాగాక అది మనది కాదని ఎవరనగలరు?)

కుండీ చిల్లుమీద పెంకుముక్క పెట్టి, ఎర్రమన్నూ ముతక ఇసుకా చెరిసగం పోసి, గుప్పెడు మాగిన పశువుల ఎరువు కలపండి. పళ్ళెంలాంటి కుండీకి తొందరపడకండి. ముందు కాండం లావెక్కాలి. గోడనుంచి తీసిన మొక్కను పదిరోజులు నీడన ఉంచి, తరవాత ఆరుబయట ఎండకు మార్చండి. మన్నులో వేలు గుచ్చి చూడండి. పొడిగా ఉంటే చిల్లులోంచి కారేదాకా నీళ్ళు పోయండి. రెండో ఏడు చివర తుంచితే పక్కకొమ్మలు వేస్తుంది.

నేలలోని చెట్టు నీటికోసం వేళ్ళు చాచుకుంటుంది. కుండీలోది ఎక్కడికి పోతుంది? సెలవులకు ఊరెళితే పక్కింటివాళ్ళకు అప్పగించి వెళ్ళండి.

వేళ్ళు కత్తిరించటం రెండేళ్ళ తరవాతి మాట. అప్పుడు నాకు ఉత్తరం రాయండి, చెబుతాను.