గర్భస్థ శిశువుకు రక్తం

తొలి కాన్పు సుఖంగా జరిగి, ఆ తరువాతి బిడ్డలు కడుపులోనే చనిపోతే మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట ‘దిష్టి’. కోడలిని నిందిస్తారు, తాయెత్తుల కోసం తిరుగుతారు. ఆమె రక్తపు గ్రూపు ఏమిటని అడిగేవారు అరుదు. కొన్నిసార్లు కారణం అక్కడే ఉంటుంది.

మన దేశంలో నూటికి అయిదుగురి దాకా ‘ఆర్‌హెచ్ నెగెటివ్’ రక్తం గలవారు ఉంటారు. తల్లి నెగెటివ్, తండ్రి పాజిటివ్ అయితే బిడ్డ పాజిటివ్ కావచ్చు. కాన్పు సమయంలోగాని, గర్భస్రావంలోగాని బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిస్తే, ఆమె శరీరం దానిని పరాయిదిగా భావించి ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. తొలి బిడ్డకు సాధారణంగా హాని జరగదు. తరువాతి గర్భంలో అవి మాయను దాటి శిశువు ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. శిశువుకు తీవ్ర రక్తహీనత ఏర్పడి, ఒళ్లంతా నీరు చేరి, ప్రాణాపాయం కలుగుతుంది. ఇది తల్లికి వచ్చే రక్తహీనత వంటిది కాదు. ఐరన్ మాత్రలతో తీరదు.

దీనిని నివారించే మార్గం ‘యాంటీ-డి’ ఇంజెక్షన్. ఏడవ నెలలో, అంటే 28 వారాలకు ఒకసారి, పాజిటివ్ బిడ్డ పుట్టిన 72 గంటలలోపు మరొకసారి ఇస్తారు. గర్భస్రావమైనప్పుడు కూడా వైద్యుని అడగాలి. అయితే ప్రతిరక్షకాలు అప్పటికే ఏర్పడి ఉంటే ఈ ఇంజెక్షన్ పనిచేయదు. అవి ఉన్నాయో లేదో ‘కూంబ్స్’ పరీక్ష తెలుపుతుంది.

అటువంటి శిశువుకు కూడా అల్లాహ్ దయవల్ల చికిత్స ఉంది. 1963లో న్యూజిలాండ్ వైద్యుడు విలియం లైలీ గర్భంలోని శిశువుకు తొలిసారి రక్తం ఎక్కించాడు. నేడు డాప్లర్ స్కానింగ్‌లో శిశువు మెదడు రక్తనాళంలోని ప్రవాహ వేగాన్ని బట్టి రక్తహీనతను అంచనా వేస్తారు. తరువాత స్కానింగ్‌లో చూస్తూ, తల్లి పొట్ట మీదుగా సన్నని సూదిని బొడ్డుతాడులోని రక్తనాళంలోకి పంపి, సాధారణంగా ఓ నెగెటివ్ రక్తకణాలను ఎక్కిస్తారు. కొన్ని వారాల కొకసారి మళ్లీ ఎక్కించవలసి రావచ్చు. ఇందులో కొంత ప్రమాదం లేకపోలేదు. కాని శిశువు ఒంటికి నీరు చేరకముందే చేస్తే అత్యధికులు బతికి బయటపడతారు.

ఇక్కడ కొందరికి ధర్మసందేహాలు కలుగుతాయి. రక్తం నిషిద్ధం కదా అంటారు. ప్రాణాపాయంలో, వేరే దారి లేనప్పుడు రక్తం ఎక్కించడాన్ని ధర్మపండితులు అనుమతించారు. దాత ఏ మతస్థుడన్నది ప్రాణరక్షణకు అడ్డు కాదు. రక్తాన్ని దానం చేయాలే తప్ప అమ్ముకోరాదు. పాలిచ్చిన తల్లితో బంధుత్వం ఏర్పడినట్లే రక్తదాతతోనూ ఏర్పడుతుందా, రేపు పెళ్లి సంబంధాలకు అడ్డవుతుందా అన్నది మరో ప్రశ్న. ఏర్పడదని 1989లో మక్కాలో సమావేశమైన రాబితా ఫిఖ్ అకాడమీ స్పష్టం చేసింది. ఆ నిషేధం స్తన్యపానానికే పరిమితం.

కనుక తాండూరులోగాని, వికారాబాద్‌లోగాని గర్భం నిర్ధారణ అయిన తొలి నెలల్లోనే భార్యాభర్తలిద్దరూ రక్తపు గ్రూపు పరీక్ష చేయించుకోవాలి. గర్భిణి నెగెటివ్ అయితే ఆ విషయం ఆమె కార్డుపై పెద్ద అక్షరాలతో రాయించాలి. కూంబ్స్ పరీక్షలో ప్రతిరక్షకాలు కనిపిస్తే ఆలస్యం చేయక, హైదరాబాద్‌లోని గర్భస్థ శిశు వైద్య నిపుణుల వద్దకు వెళ్లాలి. రైలెక్కితే కొన్ని గంటల దారే. నెల గడిస్తే బిడ్డే దక్కకపోవచ్చు. నెగెటివ్ గ్రూపు గల యువకులు రక్తనిధి కేంద్రంలో తమ పేరు నమోదు చేసుకోవాలి.

దుఆ చేయడం మన ధర్మం, చికిత్స చేయించడమూ మన ధర్మమే. బిడ్డను కోల్పోయిన తల్లిపై నింద మోపడం మాత్రం అన్యాయం. అల్లాహ్ మనకు వివేకాన్ని, మన గర్భిణులకు క్షేమాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.