సర్టిఫికెట్ కాదు, చేసిన పనే సిఫార్సు

బొమ్మలు చక్కగా వేసే అబ్బాయో అమ్మాయో ప్రతి ఊళ్లో ఉంటారు. బడి గోడ మీద వారి చేతివాటం కనిపిస్తూనే ఉంటుంది. అలాంటి పిల్లలు కొందరు కంప్యూటర్ ఆటలకు బొమ్మలు చేసే ఉద్యోగం కావాలంటున్నారు. కోర్సు ఫీజు కోసం పెద్దలు అప్పులకు తిరుగుతున్నారు. ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

బస్తాలో చేయి పెట్టి చూడనిదే వ్యాపారి మిర్చికి ధర చెప్పడు. ఈ రంగమూ అంతే. ముందు చూసేది సర్టిఫికెట్ కాదు, చేసిన పని. దాన్ని చూపేందుకు వెబ్‌సైట్ కావాలి.

దానికి హంగులు అక్కర్లేదు. తెరవగానే బొమ్మలు కనిపించాలి. పది మంచివి చాలు. నాసిరకం ఒక్కటి చేరినా మిగతావాటి విలువ పడిపోతుంది. మన రచ్చబండ, ఎడ్లబండి, గుడి గోపురం చేసి చూపవచ్చు. తొలి గీత నుంచి బొమ్మ ఎలా తయారైందో కూడా పెట్టాలి. పరాయి బొమ్మను తనదని పెడితే పరువు పోతుంది.

బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. 2014లో మొదలైన ఆర్ట్‌స్టేషన్‌లో డబ్బు కట్టకుండానే బొమ్మలు పెట్టుకోవచ్చు. ఖర్చంతా మంచి కంప్యూటర్‌కే.

అయినా ఉద్యోగం నడిచి రాదు. 2023, 2024 సంవత్సరాల్లో ప్రపంచంలోని ఆటల సంస్థలు వేలమందిని తొలగించాయి. అందుకే పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టవద్దు. పిల్లలకు ఒక ఏడాది గడువివ్వండి. ఆ పది బొమ్మలు తయారయ్యాక కోర్సు అవసరమో కాదో తేల్చుకోవచ్చు.