"మీకేం, గవర్నమెంట్ జాబులున్నాయిగా" అనేవాళ్ళకు మా జవాబు

పోస్టు కొంచెం పొడుగే. చివరిదాకా చదవండి, మీ ఊరి గ్రూపుల్లో కూడా పెట్టండి.

డిగ్రీ చేతబట్టుకుని వైజాగో హైదరాబాదో ఇంటర్వ్యూకి వెళ్ళిన మనోళ్ళు ఈ మాట ఒక్కసారైనా విని ఉంటారు. మాలో ఒకరు ఈ మధ్యే ఒక ప్రైవేటు కంపెనీలో విన్నారు. రాత పరీక్ష పాసయ్యాక లోపలికి పిలిచారు. ఇంటిపేరు చూసి "ఇదేం పేరు? ఏ ఊరు?" అన్నారు. ఊరు చెప్పగానే "ఓహో, ఏజెన్సీయా! మీకేం, గవర్నమెంట్ జాబులున్నాయిగా" అని నవ్వారు. పని గురించి ఒక్క ప్రశ్న లేదు. తర్వాత ఫోనూ లేదు.

ఇది ఒక్కరి అనుమానం అనుకోకండి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే పరిశోధకులు సరిసమానమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి చూశారు. ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. పైకులం పేర్ల కంటే దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ. కొర్రా, కిల్లో, వంతల, పాంగి అన్న ఇంటిపేర్లకు ఏం జరుగుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రాజ్యాంగం 16వ అధికరణ హామీ ఇచ్చే సమాన అవకాశం ప్రభుత్వ ఉద్యోగాల వరకే. ప్రైవేటు కంపెనీ కులం చూసి పక్కన పెడితే నేరుగా అడ్డుకునే సమగ్ర చట్టం ఈ దేశంలో లేదు.

సరే, ఆ గవర్నమెంట్ జాబులు ఎక్కడున్నాయో చూద్దాం.

2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక ఎస్టీలకే అన్నారు. అది మన మీద జాలితో ఇచ్చింది కాదు. మైదానం నుంచి పోస్టింగ్ వచ్చిన సార్లు కొండెక్కక, బడులు తాళాలు పడి ఉన్నాయి కాబట్టి ఇచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలు నిలబెట్టింది గానీ, ఇకమీదట 50 శాతం దాటకూడదని రెండు రాష్ట్రాలకూ షరతు పెట్టింది.

ఆ జీవోలో లోపమే లేదని మేం అనడం లేదు. 1950 జనవరి 26 నుంచి అక్కడే నివాసం ఉన్నట్టు రుజువు చూపమన్న నిబంధన మన పిల్లల్నే ఇబ్బంది పెట్టేది. తరాలుగా ఏజెన్సీలో ఉంటున్న దళితులకు అందులో చోటు లేదన్నదీ నిజమే. లోపం ఉంటే దిద్దాలి. కానీ తీర్పు తర్వాత ప్రభుత్వాలు దిద్దుబాటు వదిలేసి చేతులు దులుపుకున్నాయి. 2025లో మెగా డీఎస్సీ వేసినప్పుడు స్పెషల్ డీఎస్సీ కావాలని ఏజెన్సీ రోడ్డెక్కాల్సి వచ్చింది.

ఇక రోస్టర్ సంగతి. ఆంధ్రాలో మనకు 6 శాతం. అందులో ఎస్టీకి వచ్చే మొదటి పాయింటు 8. అంటే కొత్త కేడర్‌లో ఏడు పోస్టులు పడితే మనకు సున్నా. "రోస్టర్ అక్కడితో ఆగదు, తర్వాతి నోటిఫికేషన్‌లో మీ వంతు వస్తుంది" అంటారు. ఆ తర్వాతి నోటిఫికేషన్ ఎప్పుడు? అది వచ్చేలోపు మనోడికి ఏజ్ దాటిపోతుంది. ఈలోగా అదే ఆఫీసులో అదే పనికి అవుట్‌సోర్సింగ్‌లో మనుషుల్ని పెట్టుకుంటారు. అక్కడ నోటిఫికేషన్ ఉండదు, మెరిట్ లిస్టు ఉండదు, తెలిసినవాడి ఫోన్ కాల్ ఉంటుంది. రిజర్వేషన్ అంటే మెరిట్ చచ్చిపోతుందని ఏడ్చేవాళ్ళు ఈ ఫోన్ కాల్ గురించి ఏనాడైనా మాట్లాడారా?

మెరిట్ అంటే ఏంటో కూడా తేల్చుకుందాం. ఒకటో తరగతిలో కువి తప్ప తెలుగు రాని పాప కూర్చుని ఉంది. ఆ పాపతో మాట్లాడలేని టీచరుకు మార్కులు ఎక్కువ, మాట్లాడగలిగే టీచరుకు రెండు మార్కులు తక్కువ. ఆ తరగతి గదికి ఎవరు మెరిట్? 50 శాతం పరిమితి పెట్టిన 1992 నాటి ఇంద్రా సహానీ తీర్పే, మారుమూల ప్రాంతాల ప్రజల విషయంలో సడలింపు అవసరం కావచ్చని చెప్పింది. ఆ తలుపు తట్టాల్సింది ప్రభుత్వాలు.

అందుకే మేం అడిగేవి ఇవీ. ఒకటి, ఏజెన్సీ బడుల మీద సర్వే చేసి, లెక్కలతో కోర్టులో నిలబడే చట్టం తేవాలి. రెండు, ఏజెన్సీ టీచర్ పోస్టులకు కువి, కోయ, సవర లాంటి స్థానిక భాష వచ్చినవాళ్ళకు వెయిటేజీ ఇవ్వాలి. భాష ఎవరైనా నేర్చుకోవచ్చు, కాబట్టి దీన్ని ఎవరూ అన్యాయం అనలేరు. మూడు, అవుట్‌సోర్సింగ్‌లో ఎవర్ని ఏ రోస్టర్ పాయింటులో తీసుకున్నారో ఆఫీసు గోడ మీద అంటించాలి. నాలుగు, ప్రైవేటు నియామకాల్లో వివక్షను నిషేధించే చట్టం కావాలి.

మనం చేయాల్సిందీ ఉంది. మీ మండలంలో ఏ ఆఫీసులో ఎన్ని ఎస్టీ పోస్టులు ఖాళీయో సమాచార హక్కు కింద అడగండి. ఫీజు పది రూపాయలు దాటదు. రోస్టర్ తప్పినట్టు కాగితం దొరికితే జాతీయ ఎస్టీ కమిషన్‌కు పంపండి. విచారణలో అధికారుల్ని పిలిపించే సివిల్ కోర్టు అధికారం 338ఏ అధికరణ దానికి ఇచ్చింది. ఉన్న ఆరు శాతంలో ఏ తెగకు ఎంత అని మనలో మనం కొట్టుకుంటుంటే, ఆ ఆరు కూడా ఏజెన్సీల చేతుల్లోకి జారిపోతోంది. మన ఏజెన్సీ కాదు, అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ.

ఈసారి ఎవరైనా "మీకేం, గవర్నమెంట్ జాబులున్నాయిగా" అంటే నవ్వి ఊరుకోకండి. "ఎక్కడున్నాయో చూపించండి, రేపే చేరతాం" అనండి.

జై ఆదివాసీ!